ప్రాణభయంతో దేశం దాటినవారికి: ఆశ్రయం, శరణార్థి హోదా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దేశం దాటిన మనిషికి సలహాలిచ్చేవాళ్లకు కొదవ ఉండదు. ఏజెంట్ ఒకటి చెబుతాడు, ముందు వచ్చినవాళ్లు ఇంకొకటి చెబుతారు, వాట్సాప్‌లో మూడోది తిరుగుతుంది. ఏది నమ్మాలో తెలియక, గడువులు దాటిపోయి, గెలవాల్సిన కేసులు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి అయోమయంలో ఉన్నవారి కోసం, వాళ్ల గురించి బెంగపడుతున్న బంధువుల కోసం ఈ జవాబులు రాశాను. చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి, తరచూ మారతాయి కూడా. కాబట్టి మీ కేసు విషయంలో ఆ దేశపు లాయర్‌ను అడగకుండా అడుగు వేయకండి.

చట్టం ప్రకారం శరణార్థి అంటే ఎవరు?

ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయిన ఎవరినైనా మామూలు మాటల్లో శరణార్థి అంటాం. చట్టంలో ఆ మాటకు హద్దులున్నాయి. 1951లో జెనీవాలో కుదిరిన శరణార్థుల ఒప్పందం మూడు విషయాలు చూస్తుంది. మీరు మీ దేశం బయట ఉండాలి. వెనక్కి వెళితే పీడనకు గురవుతారన్న భయం ఉండాలి, ఆ భయానికి ఆధారం ఉండాలి. ఆ పీడనకు జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, లేదా ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం అనే ఐదింటిలో ఏదో ఒకటి కారణం కావాలి. మీ ప్రభుత్వం మిమ్మల్ని కాపాడలేకపోవడమో, కాపాడనని మొండికేయడమో కూడా ఇందులో భాగమే.

మొదట్లో ఈ ఒప్పందం 1951 జనవరి 1కి ముందు జరిగిన ఘటనలకే వర్తించేది. రెండో ప్రపంచ యుద్ధంలో చెల్లాచెదురైన యూరప్ ప్రజల కోసం పుట్టింది కదా. 1967లో వచ్చిన ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) ఆ తేదీ హద్దునూ, ప్రాంతం హద్దునూ తీసేసింది. ఇప్పుడు సుమారు 150 దేశాలు ఈ రెండింటిలో ఒకదానికో, రెండింటికో కట్టుబడి ఉన్నాయి.

పీడన అంటే ఇరుగుపొరుగు చిన్నచూపు చూడటం కాదు. చంపడం, చిత్రహింసలు, అన్యాయంగా జైల్లో పెట్టడం, అత్యాచారం, బలవంతపు పెళ్లి లాంటివి ఈ లెక్కలోకి వస్తాయి. ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవిగా కనిపించే వేధింపులు ఏళ్ల తరబడి పోగుపడి బతకనివ్వని స్థితికి తెస్తే, అన్నీ కలిపి చూడాల్సిందే. దరఖాస్తులో చాలామంది పెద్ద ఘటన ఒక్కటే రాసి మిగతావి వదిలేస్తారు. అలా చేయకండి.

ఆశ్రయం కోరే వ్యక్తికీ, శరణార్థికీ తేడా ఏమిటి?

"నన్ను కాపాడండి" అని దరఖాస్తు పెట్టి జవాబు కోసం చూస్తున్న మనిషిని ఆశ్రయం కోరే వ్యక్తి అంటారు. విచారణ అయ్యాక శరణార్థి హోదా వస్తుంది. అయితే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ ఒక మాట స్పష్టంగా చెబుతుంది: కాగితం వల్ల మనిషి శరణార్థి కాడు, అప్పటికే శరణార్థి అయిన మనిషిని ప్రభుత్వం ఆ కాగితంతో గుర్తిస్తుంది. అందుకే దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నన్నాళ్లూ వెనక్కి పంపకూడదు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 14వ అధికరణం ప్రతి మనిషికీ ఆశ్రయం కోరే హక్కు ఉందని చెప్పింది. కోరితే చాలు, ఇచ్చి తీరతారని దానర్థం కాదు. మన మాట విని, విచారించి తేల్చాలని అర్థం.

అప్పులు, నిరుద్యోగం, పేదరికం వల్ల వెళ్లినవాళ్లకు ఆశ్రయం దొరుకుతుందా?

వీటి వల్లే అయితే దొరకదు. పేదరికం బాధ తక్కువదని నేననను, కానీ ఈ ఒప్పందం దాని కోసం రాసింది కాదు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. మీ మతం వల్లో, రాజకీయాల వల్లో మీకు ఎక్కడా పని దొరకనివ్వకుండా, మీ భూమి లాక్కుని, పిల్లల్ని బడికి రానివ్వకుండా చేసి ఉంటే, అప్పుడు ఆ పేదరికమే పీడనకు గుర్తు కావచ్చు.

మా దేశంలో యుద్ధం జరుగుతోంది. నన్నెవరూ ప్రత్యేకంగా వెంటాడటం లేదు. నా సంగతేమిటి?

1951 ఒప్పందం కిందికి రావడం కొంచెం కష్టమే, అయినా దారులున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో, యుద్ధంలో విచక్షణ లేని హింస వల్ల ప్రాణాపాయం ఉన్నవారికి అనుబంధ రక్షణ అనే హోదా ఇస్తారు. ఉక్రెయిన్‌పై రష్యా దాడి చేశాక, 2001లో రాసి పెట్టుకున్న తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని 2022 మార్చిలో తొలిసారి బయటికి తీశారు. దాంతో ఉక్రెయిన్ వాసులు ఒక్కొక్కరుగా విచారణకు వెళ్లకుండానే ఉండటానికీ, పని చేయడానికీ అనుమతి పొందారు. ఆఫ్రికా దేశాలు 1969లోనే తమ ఒప్పందంలో బయటి దేశం దాడి నుంచి, శాంతిభద్రతలు కుప్పకూలిన పరిస్థితి నుంచి పారిపోయినవారిని కూడా శరణార్థులుగా ఒప్పుకున్నాయి. లాటిన్ అమెరికాలో 1984 నాటి కార్టజెనా ప్రకటన అదే దారిలో నడిచింది. ఈ విషయంలో పేద దేశాలే ముందు మనసు పెద్దది చేసుకున్నాయి.

"ప్రత్యేక సామాజిక వర్గం" అంటే ఏమిటి?

ఐదు కారణాల్లో ఎక్కువ వాదనలు నడిచేది దీని మీదే. మార్చుకోలేని లక్షణం, లేదా మార్చుకోమని అడగకూడని లక్షణం ఉన్నవారిని ఒక వర్గంగా చూస్తారు. జననాంగ కోతకు గురిచేస్తారన్న భయంతో పారిపోయిన ఆడపిల్లలకు, స్వలింగ సంపర్కులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు, ఇంట్లో భర్త చేసే హింస నుంచి పోలీసులు కాపాడని స్త్రీలకు చాలా దేశాల్లో ఈ కారణం కింద ఆశ్రయం దొరికింది. "నీ సంగతి దాచుకుని బతికితే ఏ గొడవా ఉండదు కదా" అని స్వలింగ సంపర్కులకు చెప్పడం తప్పని 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. భయంతో దాచుకుని బతకాల్సి రావడం కూడా పీడనే కదా.

మిమ్మల్ని బాధించేది ప్రభుత్వమే కానక్కర్లేదు. సొంత కుటుంబం, ముఠాలు, సాయుధ దళాలు ఎవరైనా కావచ్చు. అప్పుడు ప్రభుత్వం ఎందుకు కాపాడలేకపోయిందో చూపించాలి.

దొంగ పాస్‌పోర్ట్‌తో వచ్చాను. ఇక నా కేసు పోయినట్టేనా?

పోలేదు. ప్రాణం కాపాడుకోవడానికి పారిపోయేవాడు వీసా ఆఫీసు ముందు క్యూలో నిలబడలేడని ఒప్పందం రాసినవారికి తెలుసు. పాస్‌పోర్ట్ ఇవ్వాల్సిన ప్రభుత్వమే తరుముతుంటే ఏం చేస్తాడు? అందుకే 31వ అధికరణంలో, ముప్పు ఉన్న చోటు నుంచి నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందుకు వెళ్లి, తగిన కారణం చెప్పినవారిని అక్రమ ప్రవేశానికి శిక్షించకూడదని రాశారు. ఎలా వచ్చారో అడిగినప్పుడు నిజం చెప్పండి. దారి గురించి చెప్పిన అబద్ధం, ప్రాణభయం గురించి చెప్పిన నిజాన్ని కూడా నమ్మకుండా చేస్తుంది. కొన్ని దేశాలు ఈ మధ్య చట్టాలు కఠినం చేశాయి కాబట్టి లాయర్‌తో ముందే మాట్లాడటం మేలు.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలి? ఎంబసీలో పెట్టవచ్చా?

మామూలుగా ఆ దేశం నేల మీద గానీ, సరిహద్దులో గానీ, విమానాశ్రయంలో గానీ ఉండాలి. ఎంబసీకి వెళ్లి అడిగితే దాదాపు ఏ దేశమూ తీసుకోదు. వికీలీక్స్ స్థాపకుడు జూలియన్ అసాంజ్ 2012 నుంచి 2019 దాకా లండన్‌లోని ఈక్వెడార్ ఎంబసీలో ఉన్నాడు కదా అని కొందరు అడుగుతారు. అది లాటిన్ అమెరికా దేశాల్లో సాగే వేరే సంప్రదాయం, మామూలు మనిషికి ఉపయోగపడే దారి కాదు.

గడువులతో జాగ్రత్త. అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపు దరఖాస్తు వేయాలి. మీ దేశంలో పరిస్థితి మారడం, తీవ్రమైన అనారోగ్యం లాంటి కొన్ని కారణాలకే మినహాయింపు ఉంది. వీసా ఇంకా ఉంది కదా, తర్వాత చూద్దాంలే అనుకుని ఈ ఏడాది పోగొట్టుకోవద్దు.

ఏ దేశంలో అడగాలన్నది కూడా పూర్తిగా మన చేతిలో ఉండదు. యూరోపియన్ యూనియన్‌లో సాధారణంగా మొదట అడుగుపెట్టిన దేశమే దరఖాస్తు చూడాలి. వేలిముద్రలు అన్ని దేశాలకూ అందుబాటులో ఉంటాయి కాబట్టి ఇటలీలో దిగి జర్మనీలో అడిగితే తెలిసిపోతుంది. కుటుంబ సభ్యులు వేరే దేశంలో ఉంటే ఆ మాట మొదటి రోజే చెప్పండి, దానివల్ల బాధ్యత ఆ దేశానికి మారవచ్చు. కెనడా, అమెరికాల మధ్య 2004 నుంచి ఇలాంటి ఒప్పందమే ఉంది. 2023 మార్చి నుంచి దాన్ని భూసరిహద్దు మొత్తానికీ వర్తింపజేశారు. అమెరికా నుంచి నడిచి కెనడాలోకి వెళితే ఆశ్రయం దొరుకుతుందని పాత వీడియోలు చూసి బయలుదేరేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? ఎలా సిద్ధం కావాలి?

కేసు మొత్తానికీ గుండెకాయ ఈ ఇంటర్వ్యూయే. కొన్ని గంటల పాటు సాగవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని ఒకే ఘటన గురించి నాలుగు వైపుల నుంచి అడుగుతారు. మొదటి రోజు సరిహద్దులో చెప్పినదీ, దరఖాస్తులో రాసినదీ, ఇప్పుడు చెబుతున్నదీ పక్కపక్కన పెట్టి చూస్తారు. వీసా కోసం గతంలో నింపిన ఫారాలూ, కొన్నిసార్లు సోషల్ మీడియా పోస్టులూ కూడా చూస్తారు.

ఇక్కడ మనుషులు ఎక్కువగా తడబడేది తేదీల దగ్గర. దెబ్బలు తిన్న మనిషికి తారీఖులు గుర్తుండవు. గుర్తులేకపోతే "గుర్తులేదు, కానీ వానాకాలం, మా పెద్దవాడు అప్పుడు రెండో తరగతి" అని చెప్పండి. ఊహించి ఒక తేదీ చెప్పి, తర్వాత ఇంకొకటి చెబితే అబద్ధమాడారని రాసుకుంటారు. ఇంటికి వెళ్లాక ఏదైనా తప్పు చెప్పామనిపిస్తే వెంటనే లాయర్ ద్వారా సరిదిద్దండి. అధికారి కనిపెట్టడం కన్నా మీరే చెప్పడం నయం.

మీ భాష తెలిసిన దుబాసీ కావాలని ముందే అడగండి. దుబాసీ మాట అర్థం కాకపోతే మొహమాటపడి తల ఊపొద్దు. అతను మీ మాట తప్పుగా చెబుతున్నాడని అనుమానం వస్తే అక్కడికక్కడే చెప్పండి, అది రికార్డులోకి ఎక్కాలి. మీ ఊరివాడో, మిమ్మల్ని వేధించిన వర్గంవాడో దుబాసీగా వస్తే మార్చమని అడిగే అవకాశం సాధారణంగా ఉంటుంది. లైంగిక హింస గురించి చెప్పాల్సిన స్త్రీలు మహిళా అధికారి, మహిళా దుబాసీ కావాలని అడగవచ్చు. నోరు తెరిచి చెప్పలేనంత బాధగా ఉంటే ముందుగా లాయర్‌కో, డాక్టర్‌కో చెప్పి రాతలో పెట్టించండి. సిగ్గుతో దాచిన విషయాన్ని అప్పీల్లో మొదటిసారి చెబితే, "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు" అంటారు. ఆ ప్రశ్న ఎంత క్రూరంగా అనిపించినా అడుగుతారు.

నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఎలా నిరూపించాలి?

మీ మాట కూడా సాక్ష్యమే. యూఎన్‌హెచ్‌సీఆర్ 1979లో వెలువరించిన మార్గదర్శక పుస్తకం ప్రకారం, ఒక మనిషి తన శక్తికొద్దీ ప్రయత్నించి, పొంతన ఉన్న, నమ్మదగిన కథనం చెబితే, మిగిలిన సందేహం అతనికి అనుకూలంగా తీర్చాలి. రుజువు స్థాయి క్రిమినల్ కోర్టులో ఉన్నంత పెద్దది కాదు. పీడనకు గురయ్యే అవకాశం పదింట ఒక వంతు ఉన్నా భయానికి ఆధారం ఉన్నట్టేనని 1987లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో రాసింది.

అయినా దొరికినవన్నీ పోగు చేయండి: ఆసుపత్రి చీటీలు, బెదిరింపు మెసేజ్‌లు, పార్టీ సభ్యత్వ కార్డు, వార్తా కథనాలు, చూసినవారి ఉత్తరాలు. ఒంటి మీది మచ్చలను పరీక్షించి అవి ఎలా ఏర్పడి ఉంటాయో రాసిచ్చే డాక్టర్లున్నారు. ఇంటి నుంచి కాగితాలు తెప్పిస్తే అక్కడివాళ్లకు ప్రమాదమనిపిస్తే తెప్పించకండి, ఆ కారణమే అధికారికి చెప్పండి.

మా దేశంలోనే వేరే ఊరికి వెళ్లి బతకొచ్చు కదా అంటారు. ఏం చెప్పాలి?

తిరస్కరణ పత్రాల్లో తరచూ కనిపించే మాట ఇది. రెండు వైపుల నుంచి జవాబివ్వాలి. ఒకటి, అక్కడికీ వాళ్లు ఎలా వస్తారో చెప్పాలి: ప్రభుత్వమే వెంటాడుతోందా, వాళ్ల మనుషులు దేశమంతా ఉన్నారా? రెండు, ఆ ఊళ్లో మీలాంటివారు బతకడం సాధ్యమా? ఒంటరి స్త్రీకి ఇల్లు అద్దెకు ఇవ్వని చోటికి వెళ్లి బతకమనడం న్యాయం కాదు. ఇంతకుముందే ఊరు మారి ఉంటే, అక్కడ ఏం జరిగిందో వివరంగా రాయండి.

ఏజెంట్ మంచి కథ రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఒకే ఏజెంట్ రాసిన ఒకే కథ, ఊరి పేరు మార్చి పది మంది చేతిలో ఉంటుంది. అధికారులు రోజూ ఇవే వింటారు కాబట్టి ఇట్టే పట్టేస్తారు. దొరికితే ఆ దరఖాస్తు ఒక్కటే పోదు. అమెరికాలో తెలిసి తెలిసి బూటకపు ఆశ్రయ దరఖాస్తు వేశారని తేలితే తర్వాత మరే వలస ప్రయోజనానికీ శాశ్వతంగా అనర్హులవుతారు. ఇంకో బాధ కూడా ఉంది. నిజంగా ప్రాణభయం ఉన్న మనిషికి కూడా "నీ అసలు కథ చాలదు, కాస్త మసాలా వేద్దాం" అని చెప్పి, నిలబడే కేసును కూలదోస్తారు. మీకు జరిగింది జరిగినట్టు చెప్పండి. చిన్న కేసనిపించినా మీదైతే ఎన్నిసార్లు అడిగినా ఒకేలా చెప్పగలరు.

నేను ఆశ్రయం కోరానని మా ఎంబసీకి తెలుస్తుందా?

తెలియనివ్వకూడదు. దరఖాస్తు వివరాలను సొంత దేశపు ప్రభుత్వానికి చెప్పకపోవడం ఈ వ్యవస్థలో మూల సూత్రం. మీ వైపు నుంచి కూడా జాగ్రత్త అవసరం. పాస్‌పోర్ట్ రెన్యువల్ కోసం మీ ఎంబసీకి వెళితే, "ఆ ప్రభుత్వమంటే భయం లేదన్నమాట" అని కేసులో వాడవచ్చు.

జవాబు వచ్చేదాకా పని చేసుకోవచ్చా? పిల్లల చదువు, వైద్యం?

పని విషయంలో దేశదేశానికీ తేడా ఉంది. బ్రిటన్‌లో మీ తప్పేమీ లేకుండా ఏడాది దాటినా నిర్ణయం రాకపోతేనే పని అనుమతి అడగవచ్చు, అదీ కొన్ని ఉద్యోగాలకే. అమెరికాలో దరఖాస్తు వేశాక నెలలు ఆగాలి. ఈ ఎదురుచూపులోనే మనుషులు సగం చచ్చిపోతారు, చేతిలో పని లేకుండా, రేపటి మీద ఆశ లేకుండా. నిద్ర పట్టకపోయినా, టెన్షన్‌తో చేతులు వణుకుతున్నా డాక్టర్‌కు చెప్పండి. వైద్యం అందడమే కాదు, ఆ రికార్డు కేసుకూ పనికొస్తుంది.

పిల్లలకు చదువుకునే హక్కు ఉంది. ఒంటరిగా వచ్చిన పిల్లల విషయంలో వాళ్ల మేలే ముందు చూడాలని 1989 బాలల హక్కుల ఒప్పందం చెబుతుంది, వాళ్ల తరఫున ఒక పెద్ద మనిషిని నియమించాలి. పెద్దవాళ్లను కొన్ని దేశాలు డిటెన్షన్‌లో పెడతాయి. అక్కడి నుంచి కూడా లాయర్‌తో మాట్లాడే హక్కు ఉంటుంది, అడగండి. అడ్రస్ మారితే ఆఫీసుకూ కోర్టుకూ వెంటనే రాతపూర్వకంగా తెలపండి. పాత అడ్రస్‌కు వెళ్లిన నోటీసు వల్ల విచారణకు హాజరు కాలేక ఓడిపోయిన కేసులు తక్కువేమీ కాదు.

తిరస్కరిస్తే ఏం చేయాలి?

అప్పీలు. కానీ రోజులు లెక్కపెట్టుకోండి. బ్రిటన్‌లో దేశంలో ఉండి అప్పీలు చేసేవారికి మామూలుగా 14 రోజులే గడువు. పత్రం అందిన రోజునే లాయర్ దగ్గరికి వెళ్లండి. అమెరికా ఇమ్మిగ్రేషన్ కోర్టుల్లో లాయర్‌ను పెట్టుకునే హక్కు ఉంది గానీ ప్రభుత్వం ఖర్చు భరించదు. ఉచితంగా వాదించే సంస్థలు, లా కాలేజీలు నడిపే న్యాయ సహాయ కేంద్రాలు (లీగల్ క్లినిక్‌లు) ఉంటాయి, వాటిని వెతకాలి.

ఆశ్రయం దొరకకపోయినా చిత్రహింసల ప్రమాదం ఉందని చూపిస్తే 1984 చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం అడ్డు నిలుస్తుంది. దీనికి ఐదు కారణాలతో పని లేదు.

వెనక్కి పంపకూడదన్న నియమం ఎంత గట్టిది?

1951 శరణార్థుల ఒప్పందంలో 33వ అధికరణం అది. ప్రాణానికో, స్వేచ్ఛకో ముప్పున్న చోటికి ఏ రకంగానూ తిప్పి పంపకూడదు. ఎందుకు రాశారో తెలియాలంటే 1939కి వెళ్లాలి. నాజీల నుంచి తప్పించుకున్న యూదులతో సెయింట్ లూయిస్ అనే ఓడ హాంబర్గ్ నుంచి క్యూబాకు బయలుదేరింది. 937 మంది ప్రయాణికులు. క్యూబా 28 మందిని మాత్రమే దిగనిచ్చింది. అమెరికా, కెనడా కూడా తలుపు తీయలేదు. ఓడ యూరప్‌కే తిరిగి వెళ్లింది. ఆ ప్రయాణికుల్లో 254 మంది తర్వాత నాజీల మారణకాండలో చనిపోయారు. శరణన్నవారిని కాదనకూడదని తరతరాలుగా వింటూ వచ్చాం, ఆ మాట చట్టంగా మారడానికి ఇంత మంది పోవాల్సి వచ్చింది.

సముద్రం మధ్యలో కూడా ఈ నియమం వర్తిస్తుంది. లిబియా నుంచి పడవల్లో వచ్చినవారిని ఇటలీ నడిసముద్రంలో ఆపి వెనక్కి పంపడం తప్పని 2012లో యూరప్ మానవ హక్కుల కోర్టు తీర్పు ఇచ్చింది. ఆచరణలో ఉల్లంఘనలు జరుగుతూనే ఉన్నాయి. అయినా కోర్టు ముందు పట్టుకోవడానికి ఒక కొమ్మంటూ ఉంది.

యుద్ధ నేరాలు, మానవాళిపై నేరాలు, దేశం దాటకముందు తీవ్రమైన రాజకీయేతర నేరాలు చేసినవారికి శరణార్థి హోదా ఇవ్వరు. ఇది సరైనదే. తరిమినవాడూ, తరమబడినవాడూ ఒకే గొడుగు కింద ఉండకూడదు.

ఒప్పందంలో లేని దేశంలో ఉన్నాను. నాకు దిక్కెవరు?

లెబనాన్, జోర్డాన్, బంగ్లాదేశ్, ఇండియా ఈ ఒప్పందంలో లేవు, అయినా లక్షల మందిని ఆదుకున్నాయి. ఇలాంటి చాలా చోట్ల యూఎన్‌హెచ్‌సీఆర్ స్వయంగా పేరు నమోదు చేసుకుని, విచారించి, గుర్తింపు కార్డు ఇస్తుంది. అక్కడి నుంచి మూడో దేశానికి పంపే పునరావాస పథకం ఉంది గానీ, ఏడాదిలో ప్రపంచ శరణార్థుల్లో నూటికి ఒక్కరికి కూడా ఆ అవకాశం దక్కదు. ఆ నమోదుకు డబ్బు తీసుకోరు. ఎవరైనా డబ్బులడిగితే అది మోసం.

శరణార్థులంతా ధనిక దేశాలకే పోతున్నారంటారు. నిజమేనా?

కాదు. యూఎన్‌హెచ్‌సీఆర్ లెక్క ప్రకారం 2024 చివరికి ఇల్లు వదిలిపోవాల్సి వచ్చినవారు 12.32 కోట్ల మంది. అందులో సగానికి పైగా సొంత దేశం దాటనే లేదు. దాటినవారిలో కూడా మూడింట రెండు వంతుల మంది పక్క దేశంలోనే ఉన్నారు. నూటికి 73 మందికి చోటిచ్చింది అల్ప, మధ్య ఆదాయ దేశాలే.

హోదా వచ్చాక కుటుంబాన్ని తెచ్చుకోవచ్చా?

చాలా దేశాల్లో భార్యాభర్తలనూ, మైనర్ పిల్లలనూ తెచ్చుకోవచ్చు. అమెరికాలో ఆశ్రయం వచ్చిన రెండేళ్లలోపు దరఖాస్తు వేయాలి. మొదటి ఇంటర్వ్యూలోనే కుటుంబ సభ్యులందరి పేర్లూ చెప్పి ఉండటం ముఖ్యం. అప్పుడు చెప్పని బిడ్డను తర్వాత తెచ్చుకోవడం నరకమవుతుంది. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు ఈ దారి సాధారణంగా ఉండదు.

అమ్మకు బాగాలేదు. ఒక్కసారి ఇంటికి వెళ్లి రావచ్చా?

అన్నిటికన్నా బాధపెట్టే ప్రశ్న ఇదే. గుర్తింపు పొందిన శరణార్థికి ఒప్పందం ప్రకారం ఒక ప్రయాణ పత్రం ఇస్తారు. 1922లో నానాజాతి సమితి శరణార్థుల కమిషనర్ ఫ్రిడ్‌జాఫ్ నాన్సెన్ దేశం లేనివారి కోసం మొదలుపెట్టిన పాస్‌పోర్ట్‌కు అది వారసురాలు. దానితో వేరే దేశాలకు వెళ్లవచ్చు, సొంత దేశానికి మాత్రం మామూలుగా చెల్లదు. పాత పాస్‌పోర్ట్‌తో వెళితే, ఆ ప్రభుత్వ రక్షణను మళ్లీ స్వచ్ఛందంగా కోరుకున్నారని చెప్పి హోదా రద్దు చేయవచ్చు. టికెట్ కొనకముందే లాయర్‌ను అడగండి. చావుబతుకుల్లో ఉన్న తల్లిని చూడటానికి కొద్ది రోజులు వెళ్లడాన్ని కొన్ని కేసుల్లో అర్థం చేసుకున్నారు, కొన్నిట్లో చేసుకోలేదు. అమ్మ ప్రయాణం చేయగలిగిన స్థితిలో ఉంటే, ఇద్దరికీ వీసా దొరికే మూడో దేశంలో కలుసుకోవచ్చు. చాలా కుటుంబాలు అలాగే కలుసుకుంటున్నాయి.